లెబనాన్ శిబిరాల్లో తుపాకులు: అప్పగింత ఒప్పందాలు ఎందుకు మధ్యలోనే ఆగిపోతున్నాయి?

వంశధార:
అందరికీ నమస్కారం. గాజా గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. లెబనాన్‌లో ఉన్న పాలస్తీనా శరణార్థుల ఊసు మాత్రం పెద్దగా రాలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

2025 మే 21న పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ బీరూట్ వెళ్లి లెబనాన్ అధ్యక్షుడు జోసెఫ్ ఔన్‌తో కలిసి ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. ప్రభుత్వం అదుపులో లేని ఆయుధాలకు ఇక కాలం చెల్లిందని అందులో రాసుకున్నారు. శిబిరాల్లో ఆయుధాల సంగతి చూడటానికి ఉమ్మడి కమిటీ వేశారు. జూన్ మధ్యలో బీరూట్ శిబిరాలతో మొదలుపెడతామన్నారు. జూన్ వెళ్లింది, జూలై కూడా వెళ్లింది. చివరికి ఆగస్టు 21న బుర్జ్ అల్ బరాజ్నే శిబిరంలో మొదటి విడత జరిగింది. వారం తర్వాత టైర్ పట్నం చుట్టూ ఉన్న రషీదియె, అల్ బస్, బుర్జ్ షెమాలి వంతు వచ్చింది. సెప్టెంబర్ 13న అన్నిటికంటే పెద్దదైన ఐన్ అల్ హిల్వే నుంచి అయిదు లారీలు, ఉత్తరాన బెద్దావి నుంచి మూడు లారీల ఆయుధాలు సైన్యానికి చేరాయి.

ఇవన్నీ అబ్బాస్ పార్టీ అయిన ఫతా, దానితో నడిచే పీఎల్‌ఓ (పాలస్తీనా విమోచన సంస్థ) వర్గాలు ఇచ్చినవే. ఫతాకి ప్రత్యర్థులైన సాయుధ సంస్థలు హమాస్, ఇస్లామిక్ జిహాద్ ఇందులో చేరలేదు. అది ఫతా సొంత వ్యవహారమని, తమకు సంబంధం లేదని చెప్పాయి. మరి ఒప్పందం కుదిరినట్టా, కుదరనట్టా? తెలిసినవాళ్లు రాయండి.

కృష్ణమూర్తి_విజయవాడ:
మంచి చర్చ పెట్టారు. కొంచెం వెనక్కి వెళ్తేగానీ ఇది అర్థం కాదు.

1948లో లక్షమందికి పైగా పాలస్తీనీయులు సరిహద్దు దాటి లెబనాన్ చేరారు. ఎక్కువమంది గలిలీ ప్రాంతపు పల్లెల వాళ్లు. మొదటి ఇరవై ఏళ్లూ శిబిరాలు లెబనాన్ మిలిటరీ ఇంటెలిజెన్స్ గుప్పిట్లో ఉండేవి. ఆ విభాగాన్ని అక్కడ 'రెండో బ్యూరో' అనేవారు. శిబిరం నుంచి శిబిరానికి వెళ్లాలన్నా అనుమతి కావాలి. ఆ కోపమే 1969లో బద్దలైంది. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ మధ్యవర్తిగా ఆ ఏడాది నవంబర్ 3న కైరోలో పీఎల్‌ఓ నేత అరాఫత్, లెబనాన్ సైన్యాధిపతి ఎమిల్ బుస్తానీ సంతకాలు చేశారు. దాంతో శిబిరాల పాలన పాలస్తీనా సంస్థల చేతికి వెళ్లింది. లెబనాన్ నేల మీద నుంచి ఇజ్రాయెల్‌పై పోరాడే అనుమతి కూడా వచ్చింది.

ఒక దేశ సైన్యాధిపతే తన నేల మీద ఇంకొకరి తుపాకీకి రాతపూర్వకంగా ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. 1987 మేలో లెబనాన్ పార్లమెంటు ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. అయితే కాగితం పోయింది గానీ అలవాటు పోలేదు. ఉత్తరాన నహర్ అల్ బారెద్‌ను, ఆయుధాల ఊసే లేని ఒకటి రెండు చిన్న శిబిరాలను పక్కన పెడితే సైన్యం ఇప్పటికీ గేటు బయటే ఉంటుంది.

మాజీ_జవాను_శ్రీకాకుళం:
నేను ఐక్యరాజ్యసమితి దళంలో, మన భారత బెటాలియన్‌తో దక్షిణ లెబనాన్‌లో పనిచేసి వచ్చాను. 1998 నుంచి మనవాళ్లు అక్కడ ఉంటున్నారు. మాది తూర్పు వైపు, హస్బయా కొండల దగ్గర. శిబిరాల్లోపల మాకు డ్యూటీ ఉండేది కాదు. నకూరాలోని హెడ్‌క్వార్టర్స్‌కి వెళ్లేటప్పుడు టైర్ దాటాక సముద్రం ఒడ్డున రషీదియె శిబిరం కనిపించేది.

ఒకసారి అక్కడి చెక్‌పోస్టు దగ్గర మా కాన్వాయ్ ఆగింది. శిబిరంలోకి వెళ్లబోతున్న చిన్న పికప్ బండిని లెబనాన్ సైనికుడు ఆపాడు. అందులో సిమెంటు బస్తాలు, నాలుగు ఇనప కడ్డీలు. అనుమతి కాగితం లేదని వెనక్కి పంపేశాడు. డ్రైవరు పెద్దాయన, ఏమీ వాదించలేదు. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. తర్వాత అడిగితే చెప్పారు, దక్షిణాది శిబిరాల్లో ఇంటి పైకప్పు బాగు చేసుకోవాలన్నా సైన్యం అనుమతి తప్పనిసరట. అదే శిబిరంలో రాకెట్ లాంచర్లు ఉంటాయని అక్కడ అందరికీ తెలుసు. లాంచర్ వెళ్లగలిగిన చోటికి సిమెంటు బస్తా వెళ్లలేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నస్రీన్_హైదరాబాద్:
జవాను గారూ, మీరు చూసింది చెప్పినందుకు థాంక్స్. నేను 1982 గురించి చెప్తాను, ఎందుకంటే "తుపాకీ ఇవ్వండి" అనే ప్రతి మాట వెనకా అక్కడి వాళ్లకు గుర్తొచ్చేది అదే.

ఆ వేసవిలో ఇజ్రాయెల్ సైన్యం బీరూట్‌ను ముట్టడించింది. అమెరికా దూత ఫిలిప్ హబీబ్ వారాల తరబడి బేరాలు నడిపి పీఎల్‌ఓ యోధులు నగరం వదిలి వెళ్లేలా ఒప్పించారు. వెళ్లేవాళ్ల ప్రధాన ప్రశ్న ఒకటే: మేం పోతే మా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్ల గతేంటి? ఆయుధం పట్టని పాలస్తీనీయుల భద్రతకు అమెరికా, లెబనాన్ ప్రభుత్వాలు హామీ ఇస్తాయని ఆ ప్రణాళికలో స్పష్టంగా రాశారు. ఆగస్టు 21న తరలింపు మొదలైంది, సెప్టెంబర్ మొదటికల్లా పూర్తయింది. అమెరికా, ఫ్రాన్స్, ఇటలీ సైనికులు కాపలాకు వచ్చారు, పని అయిపోయిందని అనుకున్న దానికంటే ముందే వెళ్లిపోయారు.

సెప్టెంబర్ 14న, లెబనాన్ అధ్యక్షుడిగా అప్పుడే ఎన్నికైన ఫలాంజిస్టు నేత బషీర్ గెమాయెల్ హత్య. సెప్టెంబర్ 16 సాయంత్రం నుంచి 18 ఉదయం దాకా షతీలా శిబిరంలో, దాని పక్కనే ఉన్న సబ్రా పేటలో ఫలాంజిస్టులనే క్రైస్తవ మిలీషియా ఇళ్లలోకి చొరబడి జనాన్ని చంపింది. చుట్టూ ఇజ్రాయెల్ సైన్యం. రాత్రిపూట ఆకాశంలోకి వెలుగు గుళ్లు పేల్చింది కూడా వాళ్లే. చనిపోయిన వాళ్ల సంఖ్య ఏడెనిమిది వందలని ఇజ్రాయెల్ వైపు లెక్క, మూడు వేలకు పైనే అని ఇతరుల అంచనా. ఇజ్రాయెల్ సొంతంగా వేసుకున్న కహాన్ కమిషనే అప్పటి ఇజ్రాయెల్ రక్షణ మంత్రి ఏరియల్ షరోన్‌కు వ్యక్తిగత బాధ్యత ఉందని 1983లో తేల్చింది.

ఆ హామీ నమ్మి యోధులు వెళ్లిపోయిన రెండు వారాలకే జరిగింది ఇది. షతీలాలో ఒక అమ్మమ్మకు "ప్రభుత్వం కాపాడుతుంది" అని చెప్పాలంటే ముందు దీనికి జవాబు ఉండాలి.

సురేంద్ర_వరంగల్:
నస్రీన్ గారూ, మీరు రాసిన దాంట్లో ఒక్క అక్షరాన్ని కూడా కాదనను. కానీ 2023 సంగతి కూడా చూడండి. జూలై చివర్లో ఐన్ అల్ హిల్వేలో ఫతాకి, ఇస్లామిస్టు ముఠాలకి మధ్య పోరు మొదలైంది. ఫతా కమాండర్ అబూ అష్రఫ్ అల్ అర్మూషీని, ఆయన అంగరక్షకులను కాపు కాసి చంపారు. కాల్పుల విరమణ, మళ్లీ కాల్పులు, మళ్లీ విరమణ, ఇలా సెప్టెంబర్ మధ్య దాకా సాగింది. ముప్పై మంది దాకా చనిపోయారు. వేలాదిమంది ఇళ్లు వదిలి సైదా పట్నంలో మసీదుల్లో, స్కూళ్లలో తలదాచుకున్నారు. ఐరాస నడిపే బడుల సముదాయంలో సాయుధులు మకాం వేశారు. ఆ శిబిరం పిల్లలకు బడులు తెరిచే వేళకి బడి లేదు.

ఆ తుపాకులు ఎవరిని కాపాడాయి? ఇజ్రాయెల్ నుంచి కాపాడలేదు. 1985 నుంచి 1988 దాకా అమల్ అనే లెబనాన్ షియా మిలీషియా శిబిరాలను ముట్టడించినప్పుడు తుపాకీ ఉండబట్టే నిలబడ్డారంటే ఒప్పుకుంటాను. ఇప్పుడు మాత్రం ఆ తుపాకీ శిబిరం జనం మీదే తిరుగుతోంది. పైగా శిబిరంలో నేరం చేసినవాడు బయటికి రాకుండా ఏళ్ల తరబడి దాక్కుంటున్నాడు. ఏ దేశమైనా దీన్ని ఎంతకాలం సహిస్తుంది?

దోహా_శ్రీను:
ఇక్కడ దోహాలో మా ప్రాజెక్టులో ఒక పాలస్తీనా ఇంజినీరు పనిచేస్తాడు. పుట్టింది బుర్జ్ షెమాలి శిబిరంలో. తాతగారిది సఫద్ వైపు పల్లె. బీరూట్‌లో ఇంజినీరింగ్ చదివాడు. కానీ లెబనాన్‌లో ఇంజినీరుగా సంతకం పెట్టాలంటే ఇంజినీర్ల సంఘంలో సభ్యత్వం ఉండాలి, అది పాలస్తీనీయులకు ఇవ్వరు. డాక్టర్లకీ, లాయర్లకీ అదే పరిస్థితి. 2010లో చట్టం కొంచెం సడలించారు, వర్క్ పర్మిట్ సులభం చేశారు, కానీ ఈ సంఘాల వృత్తుల జోలికి వెళ్లలేదు. 2001లో వచ్చిన చట్టం వల్ల ఇల్లు గానీ స్థలం గానీ వాళ్ల పేరు మీద రిజిస్టర్ కాదు.

అతని చేతిలో ఉన్నది పాస్‌పోర్టు కాదు, లెబనాన్ శరణార్థులకిచ్చే ప్రయాణ పత్రం. దాన్ని రెన్యూ చేయించుకునే టైమ్ వచ్చిందంటే మనిషి టెన్షన్‌తో సరిగ్గా అన్నం కూడా తినడు.

ఒకరోజు ఈ ఆయుధాల సంగతి అడిగాను. అతను చెప్పింది నాకు అప్పటిదాకా తట్టలేదు. "మా తమ్ముడి వయసు వాళ్లకి అక్కడ బయట ఉద్యోగం లేదు. సంస్థలో పేరు రాయించుకుంటే నెలకి ఎంతో కొంత ఇస్తారు, ఒక తుపాకీ ఇస్తారు. తుపాకీ పోతే ఆ జీతం కూడా పోతుంది, బదులుగా ఎవరైనా పని ఇస్తున్నారా?" అన్నాడు. తను మాత్రం తుపాకులు పోవాలనే కోరుకుంటున్నాడు. తమ్ముడిని కూడా ఎలాగోలా ఇక్కడికి రప్పించాలని చూస్తున్నాడు.

అనూష_ఎం:
నాకు ఒక బేసిక్ డౌట్. అబ్బాస్ సంతకం పెడితే లెబనాన్‌లో ఉన్న హమాస్ ఎందుకు వినాలి? గాజాలోనే ఆయన మాట నడవదు కదా. అలాంటప్పుడు ఆయనతో ఒప్పందం చేసుకుని లెబనాన్ ప్రభుత్వానికి ఏం ఒరిగింది?

వంశధార:
అనూష గారూ, అసలు చిక్కు మీరు పట్టుకున్నారు.

లెబనాన్ చట్టబద్ధంగా గుర్తించేది పీఎల్‌ఓని. అంతర్జాతీయంగా పాలస్తీనా తరఫున మాట్లాడే హక్కు ఉన్నది కూడా దానికే. కాబట్టి ప్రధాని నవాఫ్ సలామ్ ప్రభుత్వం ముందు ఆ తలుపే తట్టింది. దానివల్ల ఒక లాభం ఉంది: శిబిరాల్లో ఆయుధాలు ఉండటం పాలస్తీనా హక్కు అనే వాదనను పాలస్తీనా అధ్యక్షుడే వదిలేసినట్టయింది. ఇకమీదట హమాస్ గానీ ఇంకొకరు గానీ పాలస్తీనా పేరు చెప్పి ఆయుధం ఉంచుకుంటామంటే రాజకీయంగా ఒంటరివాళ్లవుతారు.

నష్టం ఏమిటంటే ఫతా లోపలే ఏకాభిప్రాయం లేదు. లెబనాన్‌లోని స్థానిక కమాండర్లను సరిగ్గా కదిలించకుండా అబ్బాస్ ప్రభుత్వం ఉండే రమల్లా నుంచి నిర్ణయం దిగింది. మొదటి విడతలో ఇచ్చినవి శిబిరంలోకి ఈమధ్యే అక్రమంగా తెచ్చిన ఆయుధాలేనని ఫతా మనిషే విలేకరులతో అన్నాడు. ఒక చిన్న లారీలో సంచులు ఎక్కించిన ఆ దృశ్యం చూసి చాలామంది ఇది కెమెరాల కోసం చేసిందన్నారు. నేను అంత దూరం వెళ్లను. తర్వాతి విడతల్లో భారీ సరుకే వచ్చింది. కానీ ఐన్ అల్ హిల్వేలో ప్రభుత్వం నిజంగా భయపడేది ఫతా గురించి కాదు. ఉస్బత్ అల్ అన్సార్, జుంద్ అల్ షామ్ లాంటి ముఠాలున్న పేటల గురించి. వాళ్లు ఏ చర్చల బల్ల దగ్గరా లేరు, అబ్బాస్ వాళ్లకు ఏమీ కాడు.

హమాస్ విషయానికొస్తే, అది లెబనాన్‌లోని షియా సాయుధ సంస్థ హెజ్‌బొల్లా వైపు చూస్తోంది. 2025 ఆగస్టు 5న లెబనాన్ మంత్రివర్గం ఏడాది చివరికల్లా ఆయుధాలన్నీ ప్రభుత్వం చేతికి తెచ్చే ప్రణాళిక వేయమని సైన్యానికి చెప్పింది. హెజ్‌బొల్లా ససేమిరా అంది. పెద్దవాడు ఇవ్వకుండా చిన్నవాడు ముందుగా ఇస్తాడని నేననుకోను. ఒత్తిడి అసలు పనిచేయదని కూడా అనలేం. 2025 మార్చిలో ఇజ్రాయెల్ మీద రాకెట్లు వేసిన కేసులో ప్రభుత్వం హెచ్చరించాక మేలో హమాస్ కొందరు అనుమానితులను సైన్యానికి అప్పగించింది.

కృష్ణమూర్తి_విజయవాడ:
వంశధార గారికి కొనసాగింపుగా రెండు పాత సంగతులు చెప్పాలి.

లెబనాన్ అంతర్యుద్ధం ముగిశాక, దాన్ని ఆపిన తాయిఫ్ ఒప్పందం ప్రకారం 1991లో మిలీషియాలను రద్దు చేశారు. ఆ జూలైలో సైదా తూర్పు కొండల్లో సైన్యానికీ పాలస్తీనా దళాలకీ కొన్ని రోజులు యుద్ధం జరిగింది. ఆ తర్వాత పీఎల్‌ఓ భారీ ఆయుధాలు అప్పగించి శిబిరాల్లోకి తగ్గింది. పౌర హక్కుల గురించి మాట్లాడటానికి మంత్రుల కమిటీ ఒకటి ఏర్పడింది. ఆయుధాలైతే వెళ్లిపోయాయి, హక్కుల చర్చ అంగుళం కదల్లేదు. ముందు ఇచ్చేస్తే తర్వాత ఎవరూ పట్టించుకోరనే పాఠం అక్కడివాళ్లు అప్పుడే నేర్చుకున్నారు.

రెండోది నహర్ అల్ బారెద్. 2007 మే 20న ఫతా అల్ ఇస్లామ్ అనే ముఠా (పేరు కలిసినా అబ్బాస్ ఫతా వేరు) సైనికుల మీద దాడి చేసింది. ఆ ముఠాలో చాలామంది బయటి దేశాల వాళ్లు, శిబిరం జనానికి వాళ్లతో సంబంధం లేదు. సెప్టెంబర్ 2 దాకా యుద్ధం. 160 మందికి పైగా సైనికులు చనిపోయారు. శిబిరం నేలమట్టమైంది, ముప్పై వేలకు దగ్గరగా జనం రోడ్డున పడ్డారు. మీరు తిరిగి రావడం ఖాయం, మళ్లీ కట్టివ్వడం ఖాయం అని నాటి ప్రధాని సినియోరా ప్రభుత్వం మాటిచ్చింది. 2008లో వియన్నాలో దాతల సదస్సు కూడా పెట్టారు. ఇళ్ల నిర్మాణం మాత్రం దశాబ్దంన్నర దాటినా సాగుతూనే ఉంది. సైన్యం అదుపులో ఉన్న శిబిరం మిగతా వాటికి నమూనాగా నిలుస్తుందని అప్పట్లో అన్నారు. బయటివాళ్లు లోపలికి వెళ్లాలంటే పర్మిట్ కావాల్సి వచ్చింది, ఊళ్లో వ్యాపారం దెబ్బతింది. ఐన్ అల్ హిల్వే వాళ్లు ఆ నమూనా చూసి ముచ్చటపడతారా?

సురేంద్ర_వరంగల్:
కృష్ణమూర్తి గారూ, మరి ఇవ్వకపోతే ఏమైంది? 2025 నవంబర్ 18న ఇజ్రాయెల్ ఐన్ అల్ హిల్వే మీద వైమానిక దాడి చేసింది. 13 మంది చనిపోయారు. హమాస్ శిక్షణ కేంద్రమని ఇజ్రాయెల్ అంది, కాదని హమాస్ అంది. ఎవరి మాట నిజమైనా, శిబిరంలో సాయుధ సంస్థ ఉన్నంతకాలం ఇజ్రాయెల్‌కి ఆ సాకు ఉంటుంది. అంత ఇరుకు చోట బాంబు పడితే పక్కింటి పిల్లాడు కూడా పోతాడు. రేపు సైన్యం లోపలికి వెళ్లగలిగితే కనీసం ఆ సాకు పోతుంది.

ఇంకోటి. 2004 సెప్టెంబర్‌లో భద్రతా మండలి 1559వ తీర్మానం లెబనాన్‌లోని స్వదేశీ, విదేశీ మిలీషియాలన్నీ రద్దవ్వాలని చెప్పింది. 2006 మార్చిలో లెబనాన్ పార్టీలన్నీ ఒక బల్ల దగ్గర కూర్చుని శిబిరాల బయటి పాలస్తీనా స్థావరాలను ఆరు నెలల్లో ఎత్తేయాలని ఒప్పుకున్నాయి. ఆ ఆరు నెలలు పద్దెనిమిదేళ్లయ్యాయి. 2024 డిసెంబర్‌లో సిరియాలో అసద్ పడిపోయాక గానీ తూర్పున బెకా లోయలోని ఆ స్థావరాలను సైన్యం తీసుకోలేకపోయింది. అంటే వెనకున్న దేశం దన్ను పోతే పని అవుతుంది. ఇప్పుడు హెజ్‌బొల్లా బలహీనపడింది, సిరియాలో ప్రభుత్వం మారింది. ఇంతకంటే మంచి సమయం మళ్లీ రాదు.

నస్రీన్_హైదరాబాద్:
సమయం మంచిదే సురేంద్ర గారూ. అందుకే ఈసారి వరుస తప్పకూడదంటున్నాను. ఆయుధాల లారీ బయటికొచ్చే వారమే పార్లమెంటులో పని హక్కు బిల్లు ముందుకు రావాలి. ఒకటి ముందు, ఇంకోటి "తర్వాత చూద్దాం" అంటే 1991 మళ్లీ వస్తుంది.

హక్కులు ఇస్తే వాళ్లు ఇక్కడే స్థిరపడిపోతారని లెబనాన్‌లో భయం ఉంది, అదీ అర్థం చేసుకోదగ్గదే. ఎక్కువమంది సున్నీలు కాబట్టి మతాల వారీగా పంచుకున్న అధికారం తారుమారవుతుందని క్రైస్తవులు, షియాలు అనుకుంటారు. శాశ్వతంగా స్థిరపరచడం ఉండదని రాజ్యాంగ పీఠికలోనే రాసుకున్నారు. కానీ 2017లో లెబనాన్, పాలస్తీనా గణాంక శాఖలు కలిసి ఇంటింటికీ తిరిగి లెక్క తీస్తే శిబిరాల్లో, పక్క వాడల్లో తేలింది 1,74,422 మంది. ఐరాస శరణార్థి సంస్థ రిజిస్టర్‌లో నాలుగున్నర లక్షలకు పైగా పేర్లున్నా, చాలామంది ఎప్పుడో వలస వెళ్లిపోయారు. ఈ సంఖ్యకి ఉద్యోగం చేసుకునే హక్కు ఇస్తే దేశం మునిగిపోదు. పౌరసత్వం ఎవరూ అడగడం లేదు. తిరిగి వెళ్లే హక్కు గురించి 1948 డిసెంబర్ నాటి ఐరాస 194వ తీర్మానాన్నే వాళ్లు ఇప్పటికీ పట్టుకుని ఉన్నారు.

బుర్జ్ అల్ బరాజ్నే సందుల్లో కరెంటు తీగలు, మంచినీళ్ల గొట్టాలు ఒకదానికొకటి చుట్టుకుని తల మీదే వేలాడుతుంటాయి. వాన పడితే కరెంటు షాక్‌తో మనుషులు చనిపోతున్నారు. ఆ తీగలు సరిచేయడానికి ఏ సాయుధ సంస్థతోనూ ఒప్పందం అక్కర్లేదు. ప్రభుత్వం రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు. మొదటిసారి లోపలికి వచ్చే ప్రభుత్వ ఉద్యోగి సైనికుడు కాకుండా లైన్‌మన్ అయితే ఆ వీధిలో మాట వేరుగా ఉంటుంది.

దోహా_శ్రీను:
నస్రీన్ మేడమ్, ఇంకొక్క మాట కలపండి. ఏ కాగితమూ లేని వాళ్లు కొన్ని వేలమంది ఉన్నారు. 1970 తర్వాత జోర్డాన్ నుంచి, వేరే చోట్ల నుంచి వచ్చి ఎక్కడా పేరు నమోదు కానివాళ్లు, వాళ్ల పిల్లలు. పెళ్లి రిజిస్ట్రేషన్‌కి కూడా తిప్పలే. రేపు శిబిరం గేటు దగ్గర సైన్యం కాగితాలు అడిగితే మొదట పట్టుబడేది వాళ్లే. తుపాకీ అప్పగించే కుర్రాడికి గుర్తింపు కార్డు ఇస్తారా అని మా వాడు అడుగుతున్నాడు. చర్చల్లో ఈ ముక్క ఉందో లేదో గానీ ఉండాలి.

అనూష_ఎం:
థాంక్స్ అండీ, ఇప్పుడు కొంత అర్థమైంది. మరి ఐరాస దళం వెళ్లిపోతోందని చదివాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

మాజీ_జవాను_శ్రీకాకుళం:
ఉందమ్మా. 2025 ఆగస్టులో భద్రతా మండలి ఆఖరి పొడిగింపు ఇచ్చింది. 2026 డిసెంబర్ 31తో ఐరాస దళం పని ముగుస్తుంది, తర్వాత ఏడాదిలోపు అందరూ వెనక్కి రావాలి. శిబిరాలు మా పరిధిలో లేవు, నిజమే. కానీ సరిహద్దు గ్రామాల్లో మేం నిలబడ్డ పోస్టుల్లో ఇక లెబనాన్ సైన్యమే నిలబడాలి. హెజ్‌బొల్లా ఆయుధాల పని కూడా దానిదే, 12 శిబిరాల పనీ దానిదే.

ఆ సైనికులతో కలిసి గస్తీ తిరిగినవాణ్ణి. మంచి సిపాయిలు. కానీ 2019లో వాళ్ల బ్యాంకులు కూలి, కరెన్సీ విలువ పోయాక జీతం దేనికీ చాలకుండా పోయింది. డ్యూటీ దిగాక టాక్సీ నడుపుకునే పరిస్థితి. ఖతార్, అమెరికా డబ్బు సాయం చేస్తే జీతాలకు కొంత తోడైంది. అలాంటి సైన్యాన్ని ఒకేసారి మూడు పనులకు పంపితే శిబిరాల్లో తొందరపాటు జరిగే ప్రమాదం ఉంది. ఒక్క కాల్పు చాలు, నహర్ అల్ బారెద్ అవుతుంది. అందుకని ముందు టైర్ దగ్గరి మూడు శిబిరాలు పూర్తిచేయాలి. అక్కడ ఫతా పట్టు ఉంది, ముఠాలు తక్కువ. ఆయుధాలు పూర్తిగా వచ్చాక సిమెంటు పర్మిట్ ఎత్తేసి చూపించాలి. ఐన్ అల్ హిల్వే ఆఖర్న. ఈలోగా చెక్‌పోస్టు దగ్గర నిలబడే సిపాయికి నెలనెలా జీతం అందే ఏర్పాటు దాతల దగ్గర రాయించుకోవాలి.